ఆపమన్న చెయ్యి

పోతమ్మది ఇనప నడుమని పెదజాలారిపేటలో పేరు. పదిహేనో ఏట మొదలుపెట్టి ముప్పై ఏళ్లపాటు హార్బరులో చేపలు గంపలో వేయించుకుని, నెత్తిన చుట్టకుదురు సర్దుకుని, ఎండనక వాననక వీధులన్నీ తిరిగి అమ్మిన మనిషి. నలభై కిలోల గంప నెత్తికెత్తాలంటే పక్కన ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఒకసారి ఎక్కిందంటే మాత్రం మధ్యలో దించడమనే మాట లేదు. దించితే మళ్లీ ఎత్తేదెవరు? కళ్లు తిరిగినా, కాల్లో గాజుపెంకు దిగినా, చేరాల్సిన గుమ్మం చేరేదాకా మొయ్యాల్సిందే. గంప నేల మీదికి జారవిడిచిన ఆడదాన్ని పేటలో ఏడాదిపాటు ఆటపట్టిస్తారు. పోతమ్మ ఒక్కనాడూ జారవిడవలేదు. ఆ మాట అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది. జరిగిన అనర్థమంతా ఆ గొప్ప దగ్గరే మొదలైంది.

చేపల బేరం దెబ్బతిన్నాక, నలభై అయిదో ఏట, మద్దిలపాలెంలో ఒక ఏజెన్సీ ద్వారా మంచాన పడ్డవాళ్లను చూసుకునే పనికి కుదిరింది. పనిలో పెట్టే ముందు మేడ మీద గదిలో ఒకరోజు ట్రైనింగు ఇచ్చారు. ఇంద్రజ అనే మేడం ఒక కుర్రాణ్ని మంచం మీద పడుకోబెట్టి, మనిషిని ఎలా లేపాలో చూపించింది. మోకాళ్లు వంచాలి, నడుము వంచకూడదు. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. ఎత్తి పట్టుకుని నడుము మెలితిప్పకూడదు. బరువైన పేషెంటయితే ఇద్దరుండాలి, పేషెంటు నడుముకి పిడులున్న బెల్టు కట్టి దాన్ని పట్టుకోవాలి. "ఇంకోటి. మనిషి చేతుల్లోంచి జారిపోతుంటే గట్టిగా పట్టుకుని ఆపాలని చూడకండి. మీ కాలి మీదుగా మెల్లగా నేలకి దించేయండి."

పోతమ్మకు నవ్వాగలేదు. "మనిసిని నేల మీద పడీమని నేర్పుతన్నారేటి మేడమ్మా?"

గదిలో ఉన్న పాతికమందీ నవ్వారు. ఇంద్రజ నవ్వలేదు. "పడెయ్యమనలేదమ్మా, దించమన్నాను. రెండూ ఒకటి కాదు."

పోతమ్మ తనకిచ్చిన బెల్టును సంచీలో అడుక్కి తోసింది. పనిలో ఉన్నన్నాళ్లూ అది బయటికి రాలేదు.

ఆమెను పంపిన ఇల్లు గాజువాకలో, మూడో అంతస్తు. పేషెంటు నరసింహమూర్తి, అరవై ఏడేళ్లవాడు, ఎనభై రెండు కిలోలు. కుర్రతనంలో తణుకు నుంచి స్టీలుప్లాంటు పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్కంతా తీసేసింది, మాటా తీసేసింది. భార్య అనూరాధకు మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుని నడుస్తుంది. కూతురు ధనశ్రీ అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తుంది. ఇంట్లో ఉన్న పూట తండ్రికి అన్నం తనే తినిపిస్తుంది.

మొదటి రోజే ధనశ్రీ అడిగింది. "అక్కా, నాన్న బరువు. ఇంకొకర్ని కూడా పంపమని అడగనా?"

"ఎందుకమ్మా దండగ? నాను ఒక్కదాన్నే ఎత్తీగల్ను. నలబై కిలోల గంపెట్టుకుని మెట్లెక్కీదాన్ని," అని పోతమ్మ ఆయన చంకల కింద చేతులు దూర్చి, ఒక్క ఊపున లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. అనూరాధ ముక్కున వేలేసుకుంది. నరసింహమూర్తి మాత్రం మెచ్చుకోలేదు. ఎడమ చెయ్యి బారజాపి పిడికిలి బిగించి, ఆమెను కోపంగా చూశాడు.

"ఏటమ్మా, బాబుగోరు గుద్దుతానంతన్నారా?"

ధనశ్రీ నవ్వి చెప్పింది. ప్లాంటులో ఆయన ముప్పై నాలుగేళ్లు రిగ్గరు. అంటే క్రేను కింద నిలబడి, బరువుకు ఇనపతాడు కట్టి, పైన క్యాబిన్‌లో కూర్చున్నవాడికి చేతిసైగలతో ఎత్తమనీ దించమనీ చెప్పే పని. ఆ రొదలో నోటిమాట పనికిరాదు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. అరచెయ్యి బోర్లించి కిందికి ఆడిస్తే దించమని. చెయ్యి జాపి పిడికిలి బిగిస్తే ఆపమని.

"ఎత్తమని రిగ్గరు ఒక్కడే చెప్పాలక్కా. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు. దారిన పోయేవాడు పిడికిలి చూపించినా క్రేను ఆగాల్సిందే. ఒకసారి తాడులో ఒక్క తీగ తెగి కనబడిందని నాన్న పూటంతా పని ఆపించాడు. కొత్త తాడు వచ్చేదాకా పిడికిలి విప్పలేదట. ఇప్పటికీ ఆయన స్నేహితులు చెప్పి నవ్వుతారు."

"అయితే నాను క్రేనునన్నమాట," అంది పోతమ్మ. అప్పుడు నరసింహమూర్తి సగం మొహంతో నవ్వాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ భలే కుదిరింది. పొద్దున్నే ఆమె మంచం పక్కన నిలబడి "సెప్పండి బాబూ" అనేది. ఆయన వేలు తిప్పేవాడు. లేచేదాకా తిప్పుతూనే ఉండేవాడు, కుర్చీ మీదికి రాగానే అరచెయ్యి దింపేవాడు. కుర్చీ కిటికీ దగ్గరికి తోస్తే దూరంగా ప్లాంటు పొగగొట్టాలు కనబడేవి. పొగ ఎటు వాలితే గాలి అటు వీస్తోందని ఆమె చెబితే, చేపల వేటకెళ్లిన తన మొగుడికి గాలి అనుకూలమో కాదో ఆయన చేత్తో చెప్పేవాడు. అంతా ఉత్తదే, ఆయనకు సముద్రం సంగతి ఏం తెలుసు? అయినా ఆమె రోజూ అడిగేది.

ఏప్రిల్ నెల సగానికి వచ్చింది. చేపలు గుడ్లుపెట్టే కాలమని రెండు నెలలు వేట ఆపేస్తారు. పడవలు ఒడ్డెక్కాయి. పోతమ్మ మొగుడు అప్పలరాజు ఇంట్లో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నాడు. డిగ్రీ చదివే కూతురు ఆశకు సెలవులు. ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలంటే పోతమ్మ జీతమే ఆధారం.

ఆ వారంలోనే ఒక పొద్దున స్నానం చేయించి తెస్తుంటే, తడికాలు గచ్చు మీద జారి నరసింహమూర్తి ఒరిగిపోయాడు. మంచం ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. ఆయన ఎడమ చెయ్యి అరక్షణంలో బోర్లా తిరిగింది. దించు, దించు, దించు. పోతమ్మ చూసింది. చూడలేదని ఆమె ఏనాడూ బుకాయించలేదు. కాళ్లకింద నేల ఉంది, పక్కన గోడ ఉంది, మెల్లగా కూర్చోబెడితే అయిపోయేది. కానీ ఎత్తిన బరువు నేలకి తాకడమేమిటి? ముప్పై ఏళ్ల అలవాటు ఒంట్లో ఉంది. పళ్లు బిగించి, ఎనభై రెండు కిలోలనూ గాల్లోనే పట్టుకుని, నడుము మెలితిప్పి ఆయన్ని మంచం మీదికి తోసింది. నడుము లోపల ఏదో టక్కుమంది.

ఆయనకు గోరంత దెబ్బ తగల్లేదు. వంటింట్లోంచి గోడ పట్టుకుంటూ వచ్చిన అనూరాధ దండం పెట్టింది. "నువ్వు లేకపోతే ఏమైపోయేవారో పోతమ్మా. ఎంత బలమే తల్లీ నీది."

"ఏటీ అవనేదమ్మా," అంది పోతమ్మ. మంచం పట్టె వదిలి చెయ్యి తియ్యడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నరసింహమూర్తి ఆ చేతినే చూస్తూ పడుకున్నాడు.

ఆ రాత్రి మొదలైన నొప్పి నడుము నుంచి ఎడమ పిక్క దాకా పాకింది. ఆశ చేత బామ్ రాయించుకుంది, మందుల షాపులో బిళ్లలు కొనుక్కుని మింగింది. బస్సులో కూర్చుంటే లేవలేనని నిలబడే వెళ్లేది. సీటు దొరికినా ఎవరికో ఇచ్చేస్తుంటే, కండక్టరు మంచిమనిషి అనుకునేవాడు. నడుం నొప్పని ఏజెన్సీలో చెప్పిన తోటి పనిమనిషి సన్యాసమ్మను మర్నాడే తీసేశారు. అది పోతమ్మ కళ్లారా చూసింది.

ఇంట్లోవాళ్లను మాయ చెయ్యగలిగింది గానీ నరసింహమూర్తిని చెయ్యలేకపోయింది. బరువులు చూసి చూసి ముదిరిన కళ్లు అవి. ఏ తాడు ఎక్కడ బలహీనపడిందో కిందనుంచే కనిపెట్టే మనిషి. తాను జారిన మర్నాడు ఆమె "సెప్పండి బాబూ" అనగానే చెయ్యి జాపి పిడికిలి బిగించాడు.

"ఆపడమేటి? ఇంకా ఎత్తనేదు కదా."

ఆయన ఆమె నడుము వైపు చూపించాడు. మళ్లీ పిడికిలి.

"నాకేటీ అవనేదు బాబూ. రండి."

ఆమె చేతులు దగ్గరికి రానివ్వలేదు. ఆ పూట లేవలేదు. మర్నాడూ లేవలేదు. మంచం మీదే స్నానం, మంచం మీదే అన్నీ. అనూరాధ బతిమాలింది, తిట్టింది. ధనశ్రీ షిఫ్టు నుంచి వచ్చి అడిగితే ఆయన తన నడుము తట్టుకుని పోతమ్మ వైపు వేలు చూపించాడు. తండ్రికి నడుము నొప్పిగా ఉందనీ, పోతమ్మను మర్దన చెయ్యమంటున్నాడనీ ఆ పిల్ల అనుకుంది. నరసింహమూర్తి కాదు కాదని తల అడ్డంగా ఊపాడు. ఆయన చెబుతున్నదేమిటో పోతమ్మకు తెలుసు. నోరు విప్పి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. బామ్ సీసా తెచ్చి, ఏ నొప్పీ లేని ఆయన నడుముకు అరగంటసేపు మర్దన చేసింది. వంగి రాస్తున్నంతసేపూ ఆమె కాలు వణుకుతూనే ఉంది. ఆయన గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

మూడు వారాలు గడిచాయి. కదలకుండా పడుకుంటే ఒళ్లు ఊరుకుంటుందా? పిరుదు దగ్గర మొదట ఎర్రగా కందింది, తర్వాత తోలు చిట్లి పుండైంది. డాక్టరు వచ్చి చూసి, ఈయన్ని లేపి కూర్చోబెట్టకపోతే పుండు ఎముక దాకా దిగుతుందని గట్టిగా చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం అనూరాధ ఏజెన్సీకి ఫోను చెయ్యడం పోతమ్మ చెవిన పడింది.

"మనిషి మంచిదే ఇంద్రజగారూ, వంక పెట్టడానికేం లేదు. కానీ మావారికి ఎందుకో ఆవిడ చెయ్యి పడటం లేదండీ. ముట్టుకోనివ్వడం లేదు. వేరేవాళ్లను చూడండి."

సోమవారం తానే వచ్చి చూస్తానంది ఇంద్రజ.

సోమవారం పొద్దున్నే పోతమ్మ రెండు బిళ్లలు ఎక్కువ మింగి వచ్చింది. ధనశ్రీ పక్క గదిలో రాత్రి షిఫ్టు చేసొచ్చి నిద్రపోతోంది. అనూరాధ పూజలో ఉంది. పోతమ్మ తలుపు దగ్గరికి వేసి, మంచం పట్టె పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"బాబూ, నా మాటినండి. మేడం పది గంటలకొత్తాది. మీరు ఇలాగే పండుకునుంటే నన్ను తీసేత్తారు. మా పడవ ఒడ్డునుంది. జూను సగం దాకా మా ఇంట్లో రూపాయి పుట్టదు. నా నడుం పోనాదని మీకు తెల్సు, నాకు తెల్సు. ఇంకెవులికీ తెల్దు. తెలిస్తే ఈ ఇల్లే కాదు, ఇంకే ఇంటికీ నన్ను పంపరు."

ఆయన ధనశ్రీ గది వైపు చెయ్యి చూపించాడు. పిలువు.

"ఆయమ్మకి సెప్తే మేడంకి సెప్పకుండా ఉంతాదా? ఒద్దు బాబూ." ఆమెకు ఏడుపొచ్చింది. "మీకా పుండు సూత్తంటే నాకు అన్నం దిగట్లేదు. నా గురించి మీరు కుళ్లిపోతన్నారు. నానేం పాపం సేసుకున్నానని? ఒక్కపాలి లెగండి. కిటికీ కాడ కూకోబెడతాను. మేడం సూసెల్లిపోతాది. రేపట్నుంచి మీరు ఆపమంతే ఆపుతాను. మీ కాల్మొక్కుతాను."

నిజంగానే ఆయన పాదాలు పట్టుకుంది. చచ్చుబడిన కుడికాలికి ఆ స్పర్శ తెలియదు, ఎడమకాలికి తెలుస్తుంది. నరసింహమూర్తి కళ్లు మూసుకున్నాడు. కణత మీదుగా నీళ్లు దిండులోకి దిగాయి. తెగిన తాడుతో ముప్పై నాలుగేళ్లలో ఒక్క బరువూ ఎత్తించని మనిషి, ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తాడు. చూపుడువేలు తిప్పాడు.

పోతమ్మ లేపింది. మంచం అంచుకు తెచ్చింది, నిలబెట్టింది. కుర్చీ వైపు తిప్పబోయేసరికి ఎడమకాలు తనది కాకుండా పోయింది. నడుములోంచి మంట లేచి కళ్ల ముందు తెల్లబారింది. ఆయన అరచెయ్యి అప్పటికే బోర్లా ఉంది. దించు, దించు. ఈసారి ఆమె విన్నది. ఒంటికి హత్తుకుని, తన తొడ మీదుగా, పిక్క మీదుగా ఆయన్ని గచ్చు మీదికి జార్చింది. ఇంద్రజ ఎలా చూపించిందో అచ్చం అలాగే. తల కూడా నేలకి తగలనివ్వలేదు. తర్వాత తాను ఆయన పక్కన పడింది. మళ్లీ లేవలేదు.

గంట చప్పుడు ఆపి అనూరాధ వచ్చేసరికి ఇద్దరూ నేల మీద ఉన్నారు. ధనశ్రీ నిద్రకళ్లతో పరుగెత్తుకొచ్చి తండ్రిని లేపబోయింది. ఆయన కూతురికి పిడికిలి చూపించి, పోతమ్మ వైపు వేలు చూపించాడు. ముందు ఆమెను. అప్పటికిగానీ ఆ ఇంట్లోవాళ్లకు మూడు వారాల మాట అర్థం కాలేదు.

అంబులెన్సువాళ్లు ఇద్దరు వచ్చి పోతమ్మను స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే, గోడకు ఆనుకుని కూర్చున్న నరసింహమూర్తి చెయ్యి ఊరుకోలేదు. మెల్లగా, ఇంకా మెల్లగా, దించు. వాళ్లకు ఆ సైగలు తెలియవు. పెద్దాయన ఏదో కంగారుపడుతున్నాడనుకుని పనిచేసుకుపోయారు. పోతమ్మ ఒక్కతే ఆ చేతిని చూస్తూ గుమ్మం దాటింది.

వెన్నులో డిస్కు జారి నరాన్ని నొక్కేసిందన్నారు ఆసుపత్రిలో. ఆపరేషను చేశారు. కాలు కొంతవరకే తిరిగొస్తుందనీ, ఇక బరువులు ఎత్తే పని ఈ జన్మకి లేదనీ చెప్పారు. ఏజెన్సీ నుంచి ఇంద్రజ వచ్చి మంచం పక్కన నిలబడింది. "నాకెందుకు చెప్పలేదు పోతమ్మా?" అంది. చెబితే ఏం చేసేవారో ఇద్దరికీ తెలుసు.

జూను మొదటివారంలో ధనశ్రీ పెదజాలారిపేట వచ్చింది. పేటంతా పడవలకు రంగులు వేస్తున్నారు. వేట తెరవడానికి పదిరోజులు కూడా లేవు. పోతమ్మ నవ్వారు మంచం మీద పడుకుని ఉంది. అప్పలరాజు అరుగు మీద వల సర్దుకుంటున్నాడు.

"బాబుగోరు ఎలాగున్నారమ్మా? పుండు?"

"మానుతోందక్కా. ఇప్పుడు ఇద్దరొస్తున్నారు. బెల్టు కట్టి లేపుతున్నారు. రోజూ కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు." ధనశ్రీ మంచం అంచున కూర్చుంది. "కానీ చెయ్యి ఎత్తట్లేదక్కా. ఎత్తమనడు, దించమనడు. వాళ్లు లేపుతుంటే కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉండిపోతాడు. డాక్టరు చూసి చేతికేం కాలేదన్నాడు. ప్లాంటు స్నేహితులొచ్చి సైగలు చేసి పలకరించినా చూడట్లేదు."

ఆ చేత్తో వేలు తిప్పించింది పోతమ్మే. కాళ్లు పట్టుకుని మరీ తిప్పించింది. నడుము పోయినందుకు ఇన్నాళ్లూ ఏడ్చిందే తప్ప, ఆ చెయ్యి పోయిందని ఆమెకు తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అరుగు మీద అప్పలరాజు చేతిలో వల ఆగిపోయింది.

పోతమ్మ కళ్లు తుడుచుకుని అంది. "ధనమ్మా, నీ ఫోన్లో ఈడియో తియ్యి. ఆశా, నన్ను నిలబెట్టాలే."

"నాను ఒక్కదాన్నే ఎత్తీగల్నమ్మా, ఎంత బరువున్నావేటి?" అంటూ ఆశ నడుము వంచి చంకల కింద చేతులు దూర్చబోయింది.

పోతమ్మ చెయ్యి బారజాపి పిడికిలి బిగించింది. ఆశ తెల్లబోయి ఆగింది.

"మీ నాన్నని పిలువు. సంచీ అడుగున బెల్టుంది, తియ్యి."

అప్పలరాజు వచ్చాడు. తళతళలాడే కొత్త బెల్టు పోతమ్మ నడుముకు కట్టారు. అటు తండ్రి, ఇటు కూతురు. మోకాళ్లు వంచమని పోతమ్మ చెప్పింది, వంచారు. ఆమె ఫోను వైపు చూస్తూ ఎడమ చెయ్యి పైకెత్తి చూపుడువేలు గుండ్రంగా తిప్పింది. ఇద్దరూ కలిసి లేపారు. సగం లేచింది. మొహం పాలిపోయింది. కాలు నిలబడనంది. ఇంకొక్క జానెడు లేపితే నిలబెట్టేస్తామని ఆశ ఊపందుకోబోతుంటే పోతమ్మ పిడికిలి బిగించింది. ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ ఆగారు. ఆమె అరచెయ్యి బోర్లించింది. మెల్లగా దించారు. మంచం తాకేదాకా మెల్లగానే దించారు.

ధనశ్రీ ఫోను దించింది. "పర్లేదక్కా. కాస్త ఊపిరి తీసుకో, నిలబడ్డాక ఇంకోసారి తీస్తాను."

"ఒద్దమ్మా, అదే సూపించు," అంది పోతమ్మ. ఆయాసంతో మాట విడివిడిగా వస్తోంది. "నాను నిలబడ్డం బాబుగోరికెందుకు? ఆపమంతే ఆగినారని సూసుకుంతారు."